వరద గీత

ఏటి ఒడ్డున ఉన్న ఆ పేటలో పాత ఇళ్ళవాళ్ళు గోడలకు ఎన్నిసార్లు రంగు వేయించినా, వరద నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో చూపే గీతను మాత్రం కప్పరు. చెల్లెలి ఇంటికి వచ్చిన అక్క చూపు గుమ్మం పక్కన ఆ గీత మీదే ఆగిపోయింది.

“ఇదేంటే, భుజం దాకా లేపావు? ఆ ఏడు నీళ్ళు మోకాలు దాటలేదుగా.”

“మెల్లిగా అక్కా. పేట చూడ్డానికి ఎక్కడెక్కణ్ణించో వస్తున్నారు. మోకాలి లోతంటే ఎవరాగుతారు?”

“వస్తారమ్మా, ఎందుకు రారు. ఏటి గాలి, రాతి మెట్లు, వరసగా పూలకుండీలు. మా మెట్ట మీదికి నీళ్ళ ట్యాంకరు తప్ప ఎవరొస్తారు?”

“నాన్న ఇళ్ళు పంచినప్పుడు ముందు కోరుకుంది నువ్వేగా. మెట్ట మీదిదే కావాలన్నావు.”

“అన్నాను. వరద మా పెళ్ళికి ముందుది, మీ బావకేం తెలుసు? కాస్త తడికి బెదిరి బంగారంలాంటి ఇల్లు చెల్లెలికి వదిలేశావని కంచం ముందు కూర్చున్నప్పుడల్లా దెప్పుతారు. ఉండు, నీ దొంగ గీత సంగతి ఇవాళ అందరికీ చెప్పే వెళ్తాను.”

“నీ నోరు, నీ ఇష్టం. అదిగో వస్తున్నారు. స్కూటరు ఆపి బావగారు కూడా వాళ్ళ వెనకే వస్తున్నారు.”

వచ్చినవాళ్ళలో ఒకాయన గీత పక్కన నిలబడి, “నిజంగా ఇంత ఎత్తు వచ్చాయా అమ్మా?” అని అడిగాడు.

అక్క భర్త వైపు చూసింది.

“లేదండీ,” అంది. చెల్లెలు తల దించుకుంది.

“గీత కాస్త కిందికే గీశారు. నాకు మెడ దాకా వచ్చాయి.”