బీరువాలో పన్నెండు గంటల పగలు

"మేం గెలిచిన మర్నాటి నుంచి ఈ దేశంలో ఒక మొక్క కోసం ఏ తల్లి బిడ్డకీ బేడీలు పడవు."

ఎవరి మాటో గుర్తుందా హనాదీ? నీదే. ఉద్యమం రోజుల్లో, చౌరస్తాలో, మన గుడారం ముందు, బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా ఎక్కి అరిచావు. మైకు మొరాయిస్తే తీగ పట్టుకుని నిలబడింది నేనే. చప్పట్లకి నా అరచేతులు మండిపోయాయి ఆ రోజు.

ఇప్పుడు పార్లమెంటు డిప్యూటీ గారిని 'మీరు' అనాలట. బయట మీ సెక్రటరీ నేర్పించింది. అనను. ఒకే దుప్పటి కింద వణికిన వాళ్ళం, బాష్పవాయువుకి ఒకే ఉల్లిపాయ ముక్క వాసన చూసిన వాళ్ళం. కోపమొస్తే రానీ.

ఆ కిటికీ కాస్త మూస్తావా? కింద తెల్ల జీపు ఆగి ఉంది. నేనొచ్చినప్పుడు లేదు.

నీదా! నీ కాపలావాళ్ళదా? నీకు కాపలావాళ్ళా! సరే, సరే. అది కాదు నేను చెప్పొచ్చింది.

హైదర్‌ని పట్టుకెళ్ళారు. అవును, మన హైదర్. బేరూత్ గీతావిలో నాతో ఫ్లాట్‌లో ఉండే హైదర్. నర్సు. గుడారంలో నీ చీలమండకి కట్టు కట్టింది వాడే కదా. పోయిన బుధవారం, పొద్దున పది గంటలకి. ఇవాళ సోమవారం. ఈ ఆరు రోజుల్లో నేను ఎంతసేపు పడుకున్నానో అడగకు. లిఫ్ట్ కదిలితే చాలు, లేచి తలుపుకి చెవి ఆనిస్తున్నాను. నిన్న పక్కింటాయన కారు తలుపు వేస్తే స్నానాల గదిలో దాక్కున్నాను. ఇరవై ఏడేళ్ళవాణ్ణి! టబ్బులో ముడుచుకుని కూర్చున్నాను!

నేరమేమిటంటావా? మొక్క. ఒక్కటంటే ఒక్క గంజాయి మొక్క. నా గదిలో, బీరువాలో, నా చేత్తో పెంచింది.

ఆగు. నాదైతే వాణ్ణెందుకు తీసుకెళ్ళారనే కదా. వస్తున్నా, అక్కడికే వస్తున్నా. నన్ను తొందరపెట్టకు, వరసలో చెప్పనీ.

గింజలు హైదర్ వాళ్ళ ఊరివే, అక్కడ అదే పంట. హెర్మెల్‌లో వాళ్ళ చెల్లెలి పెళ్ళికి వెళ్ళాను చూడు, అప్పుడు. మిద్దె మీద గోనెసంచులు ఉన్నాయి. నాలుగు గింజలు చొక్కా జేబులో వేసుకున్నాను. అడగలేదు. మూడు రోజులు వాళ్ళమ్మ చేతి అన్నం తిని, వాళ్ళ మిద్దె మీద దొంగతనం చేశాను. అప్పట్లో దానికి నేను పెట్టుకున్న పేరు దొంగతనం కాదులే. "నేల ఎవరిది, విత్తనం ఎవరిది?" అని ఏదో అనుకున్నాను. నీకు తెలుసుగా, నా దగ్గర అన్నిటికీ ఒక వాక్యం సిద్ధంగా ఉంటుంది.

ఇంటికొచ్చి టీ సాసర్‌లో తడి దూది మీద పెట్టాను. మూడోరోజు ఒకటి పగిలింది. తెల్లగా, గోరంత కూడా లేదు, వంకర తిరిగి బయటికి చూస్తోంది. నవ్వకు. ఉద్యోగం పోయి పదకొండు నెలలు. అమ్మానాన్నలు దాచుకున్నది బ్యాంకు మింగి కూర్చుంది. ఈ దేశంలో నేను మొదలుపెట్టింది ఏదైనా మొలకెత్తడం అదే మొదటిసారి.

తాగడానికా? అబ్బే, నాకు దగ్గొస్తుంది. చూసుకోవడానికి. రోజూ పొద్దున్నే తలుపు తీసి, ఎంత ఎదిగిందో చూసుకోవడానికి. నాలుగింట్లో రెండు చచ్చిపోయాయి, ఒకటి మగది, పీకి పారేశాను. మిగిలిందొక్కటే.

హైదర్ నెత్తి కొట్టుకున్నాడు. "మా తాత ఎకరాలకెకరాలు ఆకాశం కింద పెంచాడు రా. నువ్వేంట్రా, బట్టల మధ్య కోడిగుడ్డుని పొదిగినట్టు!" వాడు దాని వాసన కూడా భరించలేడు. దాన్నుంచి పారిపోయే కదా బేరూత్ వచ్చింది.

మా బిల్డింగ్ సంగతి నీకు తెలుసు. ప్రభుత్వ కరెంటు దేవుడు దయతలిస్తే వస్తుంది. మిగతాదంతా వీధి చివర అబూ నదీమ్ జనరేటర్. మాకు ఐదు ఆంపియర్లు. బీరువాలో దీపం వెలిగితే నీళ్ళ హీటర్ వెయ్యకూడదు. వేస్తే మీట పడిపోతుంది. అప్పుడు హైదర్ తలనిండా నురగతో తడుముకుంటూ వచ్చేవాడు. "ఒరేయ్ మాజెద్, నీ పెళ్ళికూతుర్ని ఓ పది నిమిషాలు పడుకోబెట్టరా, కళ్ళు మండుతున్నాయి!"

పూతకొచ్చేటప్పుడు దానికి సరిగ్గా పన్నెండు గంటల పగలు, పన్నెండు గంటల చీకటి కావాలి. నిమిషం తేడా రాకూడదు. పొద్దున ఏడింటికి వెలిగి సాయంత్రం ఏడింటికి ఆరాలి. ఈ ఊళ్ళో అలా వేళకి నడిచేది అదొక్కటే. నేను బీరువాలో ఒక న్యాయమైన రాజ్యం నడుపుతున్నాననుకున్నాను హనాదీ. నిజంగా.

ఇప్పుడు నా తెలివి చూడు.

ఏప్రిల్‌లో ఒక కరపత్రం రాశాను. గుర్తుందా? "జనరేటర్ మాఫియా నశించాలి. ప్రతి ఇంటి తీగనీ అందరి ముందూ కొలవాలి. ప్రజలకి పారదర్శకత కావాలి." నువ్వు కూడా నీ పేజీలో పెట్టావు, ఎర్ర గుండె బొమ్మతో సహా. బిల్డింగంతా నన్ను భుజం తట్టింది. మెట్ల దగ్గర ప్లకార్డు పట్టుకుని నిలబడ్డాను.

అబూ నదీమ్ వచ్చాడు. గొడవ పడతాడనుకున్నాను. నవ్వుతూ వచ్చాడు. "పారదర్శకతే కావాలా అబ్బాయిలూ? కొలుద్దాం రండి." తీగకి తగిలించే మీటరు తీసి ఒక్కో ఇంటిదీ కొలిచి, గట్టిగా చదివాడు. నాలుగో అంతస్తు, మూడు. మూడో అంతస్తు ఎడమవైపు, ఒకటిన్నర. మా తీగ దగ్గర ఆగాడు.

"మాజెద్ బాబూ, హైదర్ డ్యూటీలో ఉన్నాడు. నువ్వేమో ప్లకార్డు పట్టుకుని నా పక్కనే ఉన్నావు. మరి మీ ఇంట్లో రెండున్నర ఆంపియర్లు ఎవరు తాగుతున్నారు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "ఫ్రిజ్" అన్నాను.

"ఫ్రిజ్ అయితే కాసేపు పీలుస్తుంది, కాసేపు వదుల్తుంది బాబూ. ఇది ఊపిరి తీసుకోకుండా తాగుతోంది."

ఆ తరవాత మూడుసార్లు వచ్చి కొలిచాడు. ఒకసారి పొద్దున ఏడింటికి ముందు, ఒకసారి తరవాత. చేతులు కట్టుకుని మా కిటికీ వైపు చూస్తూ నిలబడేవాడు. పోలీసులకి చెప్పింది వాడేనా? తెలీదు. వాడు ఎవరికీ చెప్పనక్కర్లేదు కూడా, ఆ మెట్ల మీద ఇరవై మంది విన్నారు. పిలిచింది నేను. కొలవమన్నది నేను.

"నరుకు. ఇవాళే" అన్నాడు హైదర్. "మా నాన్న పేరు మీద వారంటు ఉంది. నా పేరు మీద లేకుండా ఇరవై తొమ్మిదేళ్ళు నెట్టుకొచ్చాను రా."

నేను ఉపన్యాసం ఇచ్చాను. భయపడితే లొంగిపోయినట్టే అన్నాను. ఇంట్లో ఒక మూలని కూడా వదులుకుంటే ఇక మనకి మిగిలేదేమిటి అన్నాను. వాడు రాత్రి డ్యూటీకి ఇస్త్రీ చేసుకుంటూ విన్నాడు. "నీకు భయమంటే వాదించుకునే సంగతి. నాకు మా ఊరి పేరు" అన్నాడు. అన్నం పెట్టెలో సర్దుకుని వెళ్ళిపోయాడు.

నరకలేదు. పూత వచ్చింది, ఇంకో మూడు వారాలేగా అనుకున్నాను. మూడు వారాలు!

బుధవారం తలుపు తీసింది నేనే. ముగ్గురు పోలీసులు. హైదర్ డ్యూటీ నుంచి వచ్చి పడుకుని ఉన్నాడు. గుర్తింపు కార్డులు అడిగారు. నాది చూసి ఆఫీసరు వెనక్కిచ్చేశాడు. నాది అష్రఫియె కదా, బేరూత్ నడిబొడ్డు. హైదర్‌ది తిప్పి, స్వస్థలం దగ్గర వేలు పెట్టాడు. "హెర్మెల్! అయితే ఇంటి పంటన్నమాట." పక్కనున్నవాళ్ళు నవ్వారు. అప్పటికింకా బీరువా తెరవనేలేదు హనాదీ.

"ఇల్లు ఎవరి పేరున?" వాడి పేరునే. జీతం వచ్చేది వాడికేగా.

"మరి నువ్వెవరు?"

నీళ్ళు ఇస్తావా? కాదు, ఫర్వాలేదు, చెప్పేస్తాను.

అతిథిని అన్నాను.

అంతే. రెండేళ్ళ నుంచి ఉంటున్న ఇంట్లో, నా బీరువా పక్కన నిలబడి, అతిథినన్నాను. ఎవరూ కొట్టలేదు. బెదిరించలేదు కూడా. నోరు దానంతటదే అనేసింది. "అందరూ అంటే అందరూ దిగిపోవాలి" అని చౌరస్తాలో గొంతు చించుకున్న నోరే. తెగ లేదు, మతం లేదు, ఊరు లేదు అన్న నోరే. వాడి ఊరి పేరు అక్కడ గొడుగులా తెరిచి ఉంటే దాని కిందకి దూరిపోయాను.

వాడు నా వైపు చూశాడు. ఒక్కసారే. తరవాత ఆఫీసరుతో, "బూట్లు వేసుకోవచ్చా?" అన్నాడు.

వాడు నన్ను కాపాడాడని మాత్రం అనకు. స్నేహమనీ త్యాగమనీ అనకు, వినలేను. వాడు నోరు విప్పనిది ఎందుకంటే, హెర్మెల్‌వాడు చెబితే ఎవరూ నమ్మరని వాడికి తెలుసు. నాకూ తెలుసు. తెలిసే అన్నాను.

ఇదిగో కాగితం. మొక్క నాదని రాశాను. సంతకం పెట్టలేదు. రెండుసార్లు స్టేషను దాకా వెళ్ళాను. రెండుసార్లూ ఎదురుగా ఉన్న బేకరీలోకి తిరిగి, జాతర్ ఆకుపొడి చల్లిన రొట్టె కొనుక్కుని ఇంటికొచ్చాను. తిన్నాను కూడా.

ఫోను చూడకు. నా వైపు చూడు.

శుక్రవారం హైదర్‌ని జడ్జి ముందు పెడతారు. పేరు మీద ఒకసారి కేసు ఎక్కితే ఏ ఆసుపత్రీ వాణ్ణి మళ్ళీ లోపలికి రానివ్వదు. ఒంటరిగా నేను ఆ తలుపు దాటలేను. ఇది సిద్ధాంతం కాదు, బేకరీ సంగతి. నువ్వు లాయరువి కదా, ఆ కోటు వేసుకుని నాతో లోపలికి వస్తావా, రావా? పార్టీని అడగాలనకు. కమిటీ అనకు. ఎన్నికలు అయ్యాక అని అస్సలు అనకు.

రానంటే రానని చెప్పు. అదీ వింటాను. చెప్పకుండా నాన్చితే మటుకు నాకు ఒక సాకు దొరుకుతుంది, ఆ సాకుతో నేను జీవితమంతా బతికేస్తాను. నా సంగతి నాకు తెలిసిపోయింది.

గురువారం, మే ఇరవై రెండు. మధ్యాహ్నం పన్నెండు లోపు జవాబు చెప్పు.