పులి పొట్టకి వేసిన కుట్టు

“భయమా? నాకా? ఒరేయ్ డ్రైవరూ, ఇంకోసారి ఆ మాటంటే ఈ గ్లాసు నీ నెత్తిన బోర్లిస్తా. మ్యూజియం వాళ్ళు పొద్దున్నే కబురు పెట్టారు, దూది కూరిన ఎలుగుబంటి పొట్ట పిగిలిందట, సాయంత్రంలోగా వచ్చి కుట్టకపోతే ఆ పని సోఫాలవాడికి ఇచ్చేస్తారట. ఇచ్చుకోనీ! నేను వెళ్ళనిది భయపడి కాదు. నన్ను చూసి ఆ జంతువులు జడుసుకుంటాయని.”

పరుపుల బాబాయ్ పొద్దుట్నుంచీ టీకొట్టు బెంచీ దిగలేదు. దబ్బనం, పురికొస ఉన్న సంచీ కాళ్ళ దగ్గరే ఉంది.

“నీ బేరాలన్నీ ఆ సోఫాలవాడే లాగేశాడు. ఇదొక్కటీ పోతే ఇంక నీ గడప తొక్కేదెవరు బాబాయ్?” అంది టీకొట్టు అక్క.

“నువ్వు కూడానా అమ్మాయ్? సరే, పోయినసారి ఏం జరిగిందో విను, విన్నాక నువ్వే నన్ను పంపవు. పులి పొట్ట కుట్టు ఊడిందని పిలిచారు. పిలవక చస్తారా, నాలా కుట్టేవాడు ఇంకెవడున్నాడు? వెళ్ళా. పెద్ద హాలు. ఎండకి బొచ్చు వెలిసిపోతుందని కిటికీలన్నిటికీ నల్ల తెరలు, మిట్టమధ్యాహ్నమే చీకటి, కలరా ఉండల వాసన. వాచ్‌మన్ తలుపు దగ్గరగా వేసి భోజనానికి పోయాడు. నేనొక్కణ్ణే. చుట్టూ కళ్ళు. గాజుకళ్ళేనని తెలుసు, అయినా నేనెటు జరిగితే అటు చూస్తున్నాయి. పైన తాళ్ళకి వేలాడుతున్న తిమింగలం ఎముకలు, గాలి లేకపోయినా కిర్రు కిర్రుమంటున్నాయి. నిజం చెప్పొద్దూ, నోట్లో తడారిపోయింది.”

“భయం లేదన్నావ్?” అన్నాడు డ్రైవర్.

“అది దాహంరా! నోర్మూసుకుని విను. ఎడమచెయ్యి పులి పొట్టలో పెట్టి దూది కూరుతున్నా, కుడిచేత్తో కుడుతున్నా. దాని కోరలు నా చెవి పక్కనే. నేను కళ్ళు మూసుకుని కూడా కుట్టగలను, అందుకని మూసుకున్నా. చివరి కుట్టుకి చెయ్యి మెల్లగా బయటికి తీస్తూ ముడి బిగించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లేవబోతే లేవనివ్వలేదు. మణికట్టు దగ్గర పట్టేసుకుంది!”

“ఎవరు?”

“ఇంకెవరు, పులి! గుండె జారి... అంటే దాని గుండె జారిపోయింది, నా చెయ్యి తగిలి. పరిగెత్తా. వెంటపడింది. కాలు కదపదు, అయినా వస్తోంది! గడగడమని ఒకటే గుర్రు, నేను మెల్లగా వెళ్తే మెల్లగా, జోరుగా వెళ్తే జోరుగా, మలుపు తిరిగితే మలుపు. అది చూసి దుప్పి గాజుపెట్టె పగలగొట్టుకుని దూకింది, మొసలి నోరు తెరిచింది, నేనేమన్నా తక్కువ తిన్నానా, ఒంటిచేత్తో మొసలి నోరు కుట్టిపారేశా, ఏనుగు అస్థిపంజరం కాళ్ళకి పురికొస చుట్టి బోల్తా కొట్టించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తిమింగలం తాళ్ళు తెంపుకుని గుటుక్కున మింగేసింది, నన్నూ పులినీ కలిపి!”

“ఎముకల తిమింగలానికి పొట్టెక్కడిది బాబాయ్?” అంది అక్క.

“అదే కదా దాని ఖర్మ! పక్కటెముకల సందులోంచి బయటికి దూకా. దానికి ఒళ్ళు మండి తోకతో ఒక్కటి కొడితే మ్యూజియం పునాదులతో సహా పైకి లేచింది. కింద ఊరంతా అగ్గిపెట్టెలంత. అప్పుడు పురికొస ఒక కొస గుమ్మానికి కట్టి, రెండో కొస కింద వీధిదీపం స్తంభానికి విసిరి, లాగి లాగి మళ్ళీ నేలమీద కూర్చోబెట్టా. ఇంకోసారి లేవకుండా నాలుగు మూలలా కుట్లు వేశా, పరుపుకి వేసినట్టు. పులి మాత్రం నా చొక్కా చెయ్యి మింగిగానీ వదల్లేదు. మళ్ళీ నేను అడుగుపెడితే ఈసారి ఊరే లేచిపోతుంది. మీ మేలు కోరే ఇక్కడ కూర్చున్నా.”

బాబాయ్ సంచీని కాలితో బెంచీ కిందకి తోశాడు.

“పులి ఏమీ మింగలేదు మేస్త్రీ” అంటూ వెనకనుంచి ఒకాయన వచ్చాడు. మ్యూజియం వాచ్‌మన్. ఆయన చేతిలో గళ్ళచొక్కా చెయ్యి ఒకటి వేలాడుతోంది.

“కళ్ళు మూసుకుని మీ చొక్కా చేతిని కూడా పులి పొట్టకి కలిపి కుట్టేశారు. నేల తుడిచేటప్పుడు జరపాలని ఆ పులిని చక్రాల బల్ల మీద పెట్టాం. మీరు పరిగెత్తారు, అది మీ వెంట వచ్చింది. నేను ఎంగిలిచేత్తో వచ్చేసరికి ‘అమ్మోయ్, దీన్ని వదలమను’ అని ఏడుస్తూ గుమ్మం దాకా ఈడ్చుకొచ్చేశారు. అక్కడ బల్ల గడపకి తట్టుకుంది, చొక్కా చిరిగి మీరు బయటపడ్డారు.”

డ్రైవర్ బెంచీ మీద పడి దొర్లి దొర్లి నవ్వాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాబాయ్ నవ్వలేదు.

“అవును. భయమేసింది” అన్నాడు నేలకేసి చూస్తూ. “ఇప్పటికీ వేస్తోంది. ఆ పనేదో సోఫాలవాడికే ఇచ్చెయ్యండి.”

“వాణ్ణీ పిలిచాం మేస్త్రీ. ఈ గుడ్డ ఊడదీయమంటే ఎంత పీకినా మీ కుట్టు కదల్లేదు. కత్తిరించాల్సొచ్చింది, మణికట్టు దగ్గరి పట్టీ ఇంకా పులి పొట్టకే ఉంది. అది చూసి మా మ్యూజియం పెద్ద మేడమ్ ఎలుగుబంటికి మీరే కావాలన్నారు. పనయ్యేదాకా నన్ను మీ పక్కనే కూర్చోమన్నారు.”

బాబాయ్ ఆ చొక్కా చేతిని అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఎలుగుబంటి కింద కూడా చక్రాలున్నాయా?”

“ఉన్నాయి.”

బాబాయ్ లేచి చొక్కా విప్పి అక్క చేతికిచ్చాడు. బనీనుతోనే సంచీ భుజాన వేసుకుని, వాచ్‌మన్ చెయ్యి గట్టిగా పట్టుకుని బయల్దేరాడు.