కాగితంలో లేని పేరు

పుంగనూరు పోలీసు స్టేషను వరండాలో ఒక బెంచీ. ఒక కొసన అత్త వెంకటలక్ష్మమ్మ, రెండో కొసన కోడలు శోభారాణి. మధ్యన ల్యాబు నుంచి వచ్చిన కాగితం.

"వేలిముద్ర వెయ్యనంటే వెయ్యను. నీ సంతకం పెట్టుకో పో."

"నాది చెల్లదంట అత్తా. నెత్తురిచ్చింది నువ్వు. నువ్వేస్తేనే ఎముకలు ఇస్తారంట."

"తీసుకోని ఏం జేస్తావు?"

"మట్టి చేస్తా. మొగుడుండాడో లేడో తెలీకుండా మూడేండ్లు. బొట్టు పెట్టుకుంటే ఊరోళ్లదొక మాట, తీస్తే నీదొక మాట."

"తీసేదానికి అంత తొందర యాల? నా ధనుంజయ బతికుండాడు. నీ నోటికి తాళలేక యాడికో పోయినాడు."

"యాడికో కాదు. సదుం దగ్గర పాడుబావిలోకి. పూడిక తీస్తే దొరికినాడు."

"పాడుబావిలో ఎవురైనా ఉంటారు."

"ఎవురో అయితే నీ నెత్తురుతో యాల కలిసింది?"

"కలవదనుకోనే ఇచ్చినా."

"కలిసింది గదా. మదనపల్లెలో డాక్టరమ్మ నీ ముందరే చెప్పె. ఎముకలు బాగా చెడిపోయినాయి, తల్లి నుంచి బిడ్డలకొచ్చే డీఎన్ఏ ఒకటే దొరికింది, అది నీదే అని."

"చెప్పింది."

"మరింకేం?"

"అంగన్‌వాడీలో పిల్లోళ్లకు సదువు చెప్తావు గదా. సదువు. ధనుంజయ అని యాడుండాదో చూపించు."

"పేరుండదు అత్తా. ఈ తల్లి బిడ్డ అయ్యుండొచ్చు, అంతే ఉండాది."

"పెద్దోనికీ చిన్నోనికీ అదొకటే ఉంటాదని గూడా చెప్పింది ఆయమ్మ. ఆ మాట వదిలేస్తివే."

"వదిలెయ్యక? నీకుండేది ఇద్దురు. మణికంఠ కుప్పంలో చల్లగా ఉండాడు. ఆదివారం ఆదివారం వానితో గంటసేపు మాట్లాడతావు, నాకు వినపడేట్టు. 'నా చిన్నోడు నన్ను మర్చిపోలేదు, పెద్దోణ్ణే ఒకతి తరిమేసింది' అని. ఆ మాటలు ఎవురివి?"

"నావే."

"అయితే ఇప్పుడే వానికి ఫోన్ చెయ్యి. అన్నకు మట్టి చేసేదానికి రమ్మను."

వెంకటలక్ష్మమ్మ చేతిలోని ఫోను కొంగు కింద దాచుకుంది.

"ఏమత్తా? ఇటియ్యి, నేనే చేస్తా."

"వొద్దు శోభా."

"ఇటియ్యి అంటే."

"ఆ నంబరు పలికి నాలుగేండ్లయింది. ఆదివారాలు నేనొక్కదాన్నే మాట్లాడతా ఉంటి."