భిక్షం గారి లెక్క తప్పలేదు

అధ్యక్షులు సుబ్రహ్మణ్యం గారికి, పెద్దలకి, సినిమా స్టిల్ ఫొటోలు కడిగే మా ల్యాబ్ స్టాఫ్ అందరికీ, ముందు వరసలో కూర్చున్న డాడీకి నమస్కారం. ఇంగ్లీష్ మీడియం కదా, నా తెలుగులో తప్పులుంటే నవ్వుకోండి. (నవ్వులు)

డాడీ ఈ ల్యాబ్ తెరిచిన రోజు నుంచి, ఇవాళ మనం సన్మానం చేస్తున్న భిక్షం గారు డార్క్‌రూంలో సెకన్లు నోటితోనే లెక్కపెట్టుకుని ఫిల్ము కడిగేవారు. నేను మాట్లాడబోతే "జర ఆగు బిడ్డా, లెక్క పోతది" అనేవారు.

పోయిన వేసవిలో స్కూలు ఎగ్జిబిషన్‌కని నేను చిన్న చిప్‌తో టైమర్ చేశాను. డాడీ దాన్ని తీసుకెళ్లి డార్క్‌రూంలో పెట్టి, "ఇక నువ్వు లెక్కపెట్టక్కర్లేదు భిక్షం, మా అమ్మాయి మిషన్ చేసింది" అన్నారు. దాని అంకెల వెలుగు పడితే ఫిల్ము పాడవుతుంది కాబట్టి నల్ల టేపు అంటించారు. మొదటి రోజు చీకట్లో అది నడుస్తోందో లేదో తెలియక, భిక్షం గారు ఫిల్ము కదిపినప్పుడల్లా బటన్ నొక్కి బీప్ విన్నారు.

చిప్‌లో టైమర్ విడిగా ఉంటుందండీ. మిగతా ప్రోగ్రాం ఏ పనిలో ఉన్నా అది లెక్కపెడుతూనే ఉంటుంది, టైమ్ కాగానే ఆ పని ఆపి మరీ పిలుస్తుంది. దాన్ని ఇంటరప్ట్ అంటారు. నేను అది వాడలేదు. కష్టమని వదిలేసి, ఒకే ఆదేశాన్ని మళ్లీ మళ్లీ లూప్‌లో తిప్పుతూ కాలం లెక్కపెట్టే ప్రోగ్రాం రాశాను. బటన్ నొక్కిన ప్రతిసారీ బీప్ మోగే రెండు సెకన్లూ నా లెక్క ఆగిపోయేది. ఇంట్లో చూసుకున్నప్పుడు నేను బటన్ ఒక్కసారీ నొక్కలేదు.

ఆ రోజు ఆయన పాతికసార్లు నొక్కారు. మూడుంపావు నిమిషాలకి తియ్యాల్సిన ఫిల్ము ఇంకో యాభై సెకన్లు మందులో ఉండిపోయింది. ఆ సినిమా స్టిల్స్ అన్నీ పాడయ్యాయి. మళ్లీ తీద్దామంటే సెట్ విప్పేశారు.

డాడీ, మైక్ తీసుకోకండి. ఇంకొక్క నిమిషం.

స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే మర్నాడే నాకు తెలిసిపోయింది. రహస్యంగా ఇంటరప్ట్‌తో ప్రోగ్రాం మార్చేశాను. ఆ సాయంత్రం భిక్షం గారు నాతో "నా చెయ్యే లేటైంది బిడ్డా, ముసలోణ్ణైన" అన్నారు. నేను తలూపాను.

అందరూ ఇది రిటైర్మెంట్ అనుకుంటున్నారు. డాడీ టేబుల్ మీద ఆయన్ని తీసేసిన లెటర్ చూశాను. అందులో 'నిర్లక్ష్యం' అని ఉంది. డాడీ, ఇంటికెళ్లాక నన్నేమైనా అనండి. ఆ లెటర్ మాత్రం చింపెయ్యండి. భిక్షం గారూ, నిర్లక్ష్యం నాదండీ. శాలువా కప్పించుకునే ముందు మీకీ మాట తెలియాలి.

ఇంతసేపూ ఆపకుండా విన్నందుకు థాంక్స్. భయమేస్తోంది, ఇక దిగిపోతాను. సెలవు.