లంక నావ తిరగబడిన రోజు హాజరు పట్టీ

"మామ్మా, రోజూ పిల్లల హాజరు ఫోన్లో ఎక్కించలేక ఛస్తున్నాం. మీకైతే హాయి, పట్టీలో గీత గీస్తే అయిపోయేది కదా?"

హాయా? బాగానే ఉంది. కూర్చో ముందు. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది, ఇలా మంచమ్మీద కూర్చో. ఉద్యోగంలో చేరి నెలయిందో లేదో, అప్పుడే ఛస్తున్నావా? ముప్పయ్యేళ్ళు పిలిచానే తల్లీ, పేర్లు. ఒక్కరోజు మాత్రం సరిగ్గా పిలవలేదు. అది చెప్తాను విను. మీ నాన్నకి కూడా పూర్తిగా తెలీదిది.

అప్పుడు మేం ఆత్రేయపురం దాటాక ఏటిగట్టు పక్కన ఊళ్ళో ఉండేవాళ్ళం. మీ తాతయ్యకి కాకినాడలో ఉద్యోగం. శనివారం వచ్చి సోమవారం మొదటి బస్సుకి వెళ్ళిపోయేవారు. మీ నాన్న అప్పటికి చంటిపిల్లాడు... కాదు కాదు, నడుస్తున్నాడు, చింతపిక్క ముక్కులో దూర్చుకున్నది ఆ ఏడే. డెబ్భైల చివర్లో అన్నమాట. హైస్కూల్లో నేను తొమ్మిదో తరగతికి క్లాసు టీచర్ని.

మా హెడ్మాష్టారు శేషగిరిరావుగారని, పొడుగ్గా, ఎప్పుడూ గొడుగుతో ఉండేవారు. ఆయనకి పిల్లల హాజరంటే పిచ్చి. మరి ఊడ్పులు, అదే వరినాట్లు, వచ్చాయంటే సగం క్లాసు ఖాళీ, తెలుసుగా. ఇళ్ళకి మనిషిని పంపేవారు, ఆయనే వెళ్ళేవారు, గట్టుమీద నించుని "ఏమయ్యా, నీ కూతురేదీ?" అని అడిగేవారు. అయినా లాభం లేకపోయింది. చివరికి ఓ ఉపాయం చేశారు. నెలంతా ఎవరూ మానకుండా వచ్చిన క్లాసు గుమ్మానికి పచ్చజెండా కడతారు, ఆ క్లాసుకి శనివారం గంట ముందే ఇంటిబెల్లు. ఇంకేముందీ! పిల్లలు ఒకళ్ళనొకళ్ళు లాక్కొచ్చేవాళ్ళు. జ్వరమొచ్చిన వాణ్ణి కూడా దుప్పటి కప్పి తెచ్చారోసారి. జూన్ నెల జెండా మాదే, జులైదీ మాదే. నాకూ కాస్త పొగరొచ్చిందిలే. పక్క క్లాసు టీచరు "మీ పిల్లలకేం పెడతారండీ?" అనడిగితే, నవ్వి ఊరుకునేదాన్ని.

మా క్లాసులో లంక పిల్లలు ఆరుగురు. లంకంటే నువ్వెప్పుడూ చూళ్ళేదు కదూ, గోదారి మధ్యలో ఊరు. అటూ ఇటూ నీళ్ళే. పొద్దున్న నావెక్కి వచ్చి, సాయంత్రం నావలో వెళ్ళిపోవాలి. ఆ ఆరుగురిలో వెంకటలక్ష్మని ఓ పిల్ల. సన్నగా ఉండేది, లెక్కల్లో దిట్ట. దానికి జోడు మంగతాయారు. ఇద్దరూ ఒకే బెంచీ, ఒకే క్యారేజీ.

శ్రావణమాసం. పైన వానలు, గోదారి ఎర్రగా దిగుతోంది. ఆ వేళ పొద్దున్న నేను పేర్లు పిలుస్తుంటే ఒళ్ళో కాంపోజిషను పుస్తకాల దొంతర. ఓ చేత్తో దిద్దుకుంటూ, తల దించుకుని పిలిచేశాను. "వెంకటలక్ష్మీ" అన్నాను, "ప్రెజెంటండీ" అని వినపడింది, గీత గీశాను. మధ్యాహ్నం మళ్ళీ పిలవాలి, తెలుసుగా, రెండు పూటలా. పిలవలేదు. పొద్దుటిది చూసి గీసేశాను. అందరూ అలాగే చేసేవారనుకో. అందరూ చేస్తే మాత్రం?

రెండున్నరకి హెడ్మాష్టారు వచ్చి, నీరు పెరుగుతోంది, లంక పిల్లల్ని పంపెయ్యండి అన్నారు. పంపేశాం. ఓ అరగంటయిందేమో, గట్టుమీంచి ఎవరో కేక. "టీచరుగారండీ, లంక నావ తిరగబడిపోయిందండీ!"

ఎలా పరిగెత్తానో తెలీదు. చెప్పులు ఎక్కడ పడ్డాయో ఇప్పటికీ తెలీదు. చేతిలో మాత్రం పట్టీ ఉంది. రేవులో జనం. అదృష్టం చూడు, నావ కొట్టుకుపోయి తుమ్మచెట్లున్న ఇసక మేటకి తగిలి పక్కకి ఒరిగిందట. పిల్లలు కొమ్మలు పట్టుకున్నారు. చేపలు పట్టేవాళ్ళు తమ పడవలు వేసుకుని వెళ్ళి ఒక్కొక్కళ్ళనీ ఒడ్డుకి తెస్తున్నారు. వణుకుతూ, బురదోడుతూ, ఏడుస్తూ దిగుతున్నారు. అప్పుడు పట్టీ తీసి పిలిచానే. ఐదుగురు పలికారు. "వెంకటలక్ష్మీ!" పలకలేదు. మళ్ళీ పిలిచాను. మళ్ళీ పిలిచాను.

ఎవరో చిన్న పిల్లాడు "నీళ్ళలో నీలం లంగా కనపడిందండీ" అన్నాడు. అంతే. వలలు తీసుకుని మళ్ళీ దిగారు మనుషులు. ఈలోగా దాని తండ్రి, సత్యమని, లంకలో కూరపాదులు వేసేవాడు, ఇంకో పడవలో వచ్చేశాడు. నా దగ్గరికొచ్చి చేతులు జోడించి, "అమ్మా, అది ఇయ్యాల బడికి రాలేదని చెప్పండమ్మా" అన్నాడు. పట్టీలో గీత ఉంది. "వచ్చింది సత్యంగారూ" అన్నాను. ఆయన అక్కడే బురదలో కూలబడిపోయాడు.

నువ్వు కళ్ళు తుడుచుకోకు. చెప్తున్నాగా.

మంగతాయారు గట్టుమీద ముడుచుకుని కూర్చుంది. భయపడిందనుకున్నాం. దాని భుజమ్మీద నా పమిట కప్పబోతే, చెయ్యి గట్టిగా పట్టుకుంది. "టీచరుగారండీ, పొద్దున్న పలికింది నేనండి" అంది.

"ఏంటే?"

"లక్ష్మి పేరుకి నేనే పలికానండి. అది బడికి రాలేదండి. మాతోపాటే రేవు దాటి, రాజమండ్రి బస్సెక్కిందండి. జెండా పోతుందని, ఎవరికీ చెప్పకూడదని అందరం ఒట్టేసుకున్నామండి..."

కొట్టాలనిపించిందో, ముద్దు పెట్టుకోవాలనిపించిందో! ముద్దే పెట్టుకున్నాను. తర్వాత ఓ దెబ్బ కూడా వేశాననుకుంటా. సత్యంగారి దగ్గరికి పరిగెత్తాను. "నావలో లేదండీ, మీ పిల్ల అసలు నావెక్కలేదండీ" అంటే ఆయనకి అర్థం కాదు. నా మొహంలోకే చూస్తాడు. వలలు వేసేవాళ్ళని వెనక్కి పిలిచాం. అయినా ఎవరికీ నమ్మకం లేదు. నాకు మాత్రం ఉందా? చిన్నపిల్లలు భయానికి ఏదో ఒకటి చెప్తారు కదా. అందరం బస్సు ఆగే చోటికి వెళ్ళాం. ఓ బస్సొచ్చింది. లక్ష్మి దిగలేదు. సత్యం కిళ్ళీకొట్టు గుంజ పట్టుకుని రోడ్డు వంకే చూస్తున్నాడు. ఆ బస్సుకీ తర్వాత బస్సుకీ మధ్య గంటన్నా లేదు, నాకు మాత్రం ఓ జన్మ గడిచింది.

తర్వాతి బస్సులోంచి దిగింది, పుస్తకాల సంచీతో. ఇంతమందిని చూసి మొహం తెల్లబోయింది. తండ్రి చెయ్యెత్తాడు. అది కళ్ళు గట్టిగా మూసుకుని, "నాన్నా, అక్కకి ఆడపిల్ల పుట్టింది" అంది.

దాని అక్క సంగతి చెప్పలేదు కదూ నీకు. రెండేళ్ళ కిందట ఎవర్నో చేసుకుని వెళ్ళిపోయింది. అప్పట్నించీ ఆ ఇంట్లో దాని పేరెత్తకూడదు. రాజమండ్రి ఆస్పత్రిలో పురుడొచ్చిందని ఎవరిచేతో కబురంపింది, చెల్లెలికి మాత్రమే. చెల్లెలు ఎవరికీ చెప్పకుండా చూసి రావాలనుకుంది. అదీ సంగతి. ఆ పిల్లాడు నీళ్ళలో చూసింది ఏ గుడ్డపీలికో, నావెక్కినవాళ్ళంతా క్షేమమే.

సత్యం ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. ఊరంతా చూస్తున్నాం. కొడతాడనుకున్నాను. ఆ చెయ్యి దాని తలమీద పెట్టి, అలా తడుముతూ, తడుముతూ... "ఎవరి పోలికే?" అన్నాడు.

"ముక్కు అమ్మమ్మదే నాన్నా" అంది.

ఇంక చూడు, మగాడు నడిరోడ్డుమీద అలా ఏడవడం నేనెప్పుడూ చూళ్ళేదు. మా హెడ్మాష్టారు గొడుగు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నారు, ఎండా లేదు, వానా లేదు.

మర్నాడు ఆయన గదికి వెళ్ళి జరిగింది చెప్పాను. తల దించుకుని పిలిచాను, మధ్యాహ్నం పిలవకుండా గీశాను అని. తిడతారనుకున్నా. "జెండా పెట్టింది నేను కదమ్మా" అన్నారు. తనే వెళ్ళి గుమ్మానికున్నది విప్పేసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. మళ్ళీ ఏ క్లాసుకీ కట్టలేదు. అప్పట్నించీ నేను మొహం చూడకుండా ఏ పేరూ పిలవలేదు. ఒక్కొక్క మొహం. అన్నం తిన్నాడా లేదా కూడా తెలిసిపోతుందే, చూస్తే.

సోమవారం మంగతాయారు ఓ చీటీ తెచ్చిచ్చింది. సత్యం ఎవరిచేతో రాయించి వేలిముద్ర వేశాడు. "మనవరాలిని చూచుటకు అందరమూ రాజమండ్రి వెళ్ళుచున్నాము, మా అమ్మాయికి రెండు దినములు సెలవు ఇప్పించవలెను" అని. ఆ పేరు ఎదురుగా రాలేదని రాశాను చూడూ... ఎంత హాయిగా రాశానో! పిల్లలంతా నావంకే చూస్తున్నారు, టీచరుగారు ఎందుకు నవ్వుతున్నారా అని.

అదేనే... ఇంక లే, నీ బస్సుకి టైమవుతోంది. ఆ గిన్నెలో పెరుగన్నం తినేసి వెళ్ళు. నీ చేతికింద పిల్లలందరూ పొద్దుగూకేసరికి ఎవరింటికి వాళ్ళు చేరుతూ ఉండాలి తల్లీ, నువ్వూ చల్లగా ఇల్లు చేరుతూ ఉండాలి. వెళ్ళగానే ఫోన్ చెయ్యి... గుర్తుంటుందా?