తిమింగలానికి అంగి కుట్టిన భోజన్న

"సముద్రమంటె గంత బుగులెందుకు ముత్తవ్వా? నేను పోయచ్చిన గదా! నన్నేమన్న మింగిందా? నీ ముంగటనే కూసోని చాయ్ తాగుతున్న."

భోజన్న గిట్ల మొదలువెట్టిండంటె నాందేడ్ స్టేషన్ బయట ఆదిశేషయ్య చాయ్ హోటల్ల ఎవ్వలు లేవరు. పక్కనే ఆయన బట్టలు కుట్టె దుకాణం. మషీను మీద ఉన్నంతసేపు చెయ్యి ఆడుతది, చాయ్‌కు అచ్చినంతసేపు నోరు ఆడుతది. ఆ దినం మాత్రం ఆయన్ను పనిబడి పిలిచిండ్రు. ముద్ఖేడ్ల రైలు పట్టాల పని చేసే మారోతి, వాళ్లవ్వ ముత్తవ్వను బొంబాయికి తోల్కపోతుండు. ముత్తవ్వ బిడ్డ సుందరాబాయి అక్కడ మిల్లు కూలీలుండె చాళ్ల ఉంటది. పెండ్లి చేసి పంపిన కాడికెల్లి అవ్వ బిడ్డ మొగం చూడలే. పోదామని సంబురంగ బయలెల్లింది గని, సుందరాబాయి ఇల్లు సముద్రం ఒడ్డుకే అని బస్సుల ఎవలో చెప్పిండ్రట. స్టేషన్ దాంక అచ్చినంక ముసలామె మూట కింద వెట్టి దాని మీద కూసున్నది.

"పండుకున్నప్పుడు సముద్రం ఇంట్లకస్తె ఎట్లరా? నేను రాను. నన్ను మన ఊరికి, సర్ఖని బస్సెక్కియ్యి."

బొంబాయి దిక్కు పోయె మన్మాడు బండి అచ్చె యాళ్లయితుంది. "భోజన్న మామా, నువ్వు చూసచ్చినవంటివి గదా, జర మా అవ్వకు ధైర్నం చెప్పు" అని మారోతి బతిమిలాడిండు. గంతె, భోజన్న మెడల టేపు సరిజేసుకోని బల్ల మీద కాలు మీద కాలేసిండు.

"విను అవ్వా. బొంబాయి సేటు ఒకాయన పత్తి బేరానికి నాందేడ్ అచ్చిండు. జీపు దిగుతుంటె ప్యాంటు చినిగింది. నేను కుట్టిచ్చిన. చినుగు ఎక్కడున్నదో సేటు ఎంత ఎతికినా దొరకలే. 'మాస్టర్, తుమ్ నహీ తో హమ్ నహీ, నువ్వు లేకుంటె నేను లేను' అని చెయ్యి వట్టుకున్నడు. సెలవులకు సముద్రం మీద తిరుగుదాం రమ్మని బొంబాయికి తోల్కపోయిండు. ఆయనకు సొంత పడవ ఉన్నది. పడవ అనొద్దు, యాట్ అంటరు దాన్ని. తెరచాప ఎంత పెద్దగున్నదంటె, దాంట్ల మన నాందేడ్ పిల్లలందరికి నిక్కర్లు కుట్టొచ్చు."

"అయితె నువ్వేం తొడుక్కున్నవు?" టాంగా తోలె రామకిషన్ అడిగిండు.

"గదీ, మంచి మాట అడిగినవు. గప్పుడే బెల్‌బాటమ్‌లు కొత్తగ అచ్చినయి. సున్నమసొంటి తెల్ల బెల్‌బాటం, పైన పూలపూల అంగి, మెడకు పట్టు రుమాలు, నెత్తికి గడ్డి టోపి, కండ్లకు నల్లద్దాలు. అన్ని నా చేతి కుట్టే."

"నల్లద్దాలు గూడనా?"

"నడుమ మాట్లాడకు రామకిషన్. పడవల పొడుగు కుర్చి ఏసిండ్రు. నేను ఎల్లెలకల పండుకున్న. ఒగడు కొబ్బరి బోండం అందిస్తడు, ఒగడు ఇసురుతడు. సేటు దోస్తులందరు సముద్రం చూసుడు ఇడిసిపెట్టి నా బట్టలు చూస్తుండ్రు. గప్పుడు ఏమైందో ఎర్కేనా? లేసి రెండు అడుగులు ఏద్దామనుకున్న, బెల్‌బాటంల గాలి నిండింది. నేను నడుస్తలేను అవ్వా, పడవ మీద ఈ కొసకెల్లి ఆ కొసకు ఊకె జారుతున్న! దొరికిన గాలి పోనియ్యొద్దని ప్యాంటు అంచులు నాడలతోని గట్టిగ కట్టుకోని మళ్ల పండుకున్న."

"గాలిని ఏం చేస్కుంటవు మామా?" మారోతి అడిగిండు.

"అదే చెప్తున్న. నడి సముద్రంల గాలి బందయింది. తెరచాప తడిగుడ్డ లెక్క ఏలాడుతుంది. సేటు 'అరే బాప్‌రే' అని నెత్తి వట్టుకున్నడు. నేను తెరచాప దిక్కు కాళ్లు చాపి, ఒక్క కాలు నాడ ఇప్పిన. ఝుయ్యిమని పోయింది పడవ! రెండో కాలు ఇప్పలే. ఒడ్డుకు మళ్లి రావాలె గదా."

హోటల్ల అందరు ఇకిలిచ్చిండ్రు. ముత్తవ్వ గూడ కొంగు అడ్డం వెట్టుకున్నది.

"గట్ల పోతుంటె ముంగట ఒక గుట్ట లేసింది. గుట్ట గాదు, తిమింగలం! నోరు తెరిస్తె మన్మాడు బండి ఇంజనుతోని సహ లోపలికి పోతది."

ముత్తవ్వ మూటను గట్టిగ పట్టుకున్నది. మారోతి ఆమె ఎనుకకెల్లి వద్దు వద్దని చేతులు ఊపిండు.

"బుగులు వడకు అవ్వా!" భోజన్న వెంటనే మాట మలిపిండు. "నన్ను చూసి అదే వణుకుతుంది. ఎందుకని మంచిగ చూసిన. పాపం, పుట్టిన కాడికెల్లి నీళ్లల్లనే ఉంటది, ఒంటి మీద ఒక్క పోగు లేదు, సలివెట్టదా మరి? టేపు తీసి దాని ఈపు మీదికి దుంకిన. ఛాతి కొలుద్దామంటె టేపు సాలలే. సుద్దముక్కతోని గీత గీసుడు, మళ్ల టేపు వెట్టుడు, గీత గీసుడు, టేపు వెట్టుడు..."

"చేపకు భుజాలేడియి మామా?" రామకిషన్ ఆగలేకపోయిండు.

"లెవ్వు గదా! గందుకే చేతుల్లేని అంగి కుట్టిన. సూది ఎప్పటికి నా కాలర్లనే ఉంటది. గుడ్డ కోసం పడవల ఇంకొక తెరచాప ఉండె. గుండీలకు, తాగి పారేసిన కొబ్బరి చిప్పలు. అంగి తొడగంగనే తిమింగలం మా పడవ చుట్టు తిరిగి తిరిగి తన సోకు చూపిచ్చింది. మోటరు కారు లెక్క పడవను గుంజుకపోయింది. గంతల దాని చుట్టాలందరికి ఎర్కయింది. దివాళి ముంగట నా దుకాణం కాడ ఉన్నట్టు లైను! ఒకటి సఫారి సూటు కుట్టుమంటది, ఒకటి కాలర్ పెద్దగ వెట్టుమంటది. ముసలి తిమింగలం ఒకటి నీ లెక్కనే, అవ్వా, 'నాకు సాదగ ఉంటె సాలు బిడ్డా' అన్నది."

ముత్తవ్వ కడుపు వట్టుకోని నవ్వింది. మూట జారి పక్కకు పడ్డది గూడ చూసుకోలే. మారోతి మొగంల పానం అచ్చింది. భోజన్న అక్కడ ఆపితె మంచిగుండు. కని ఆగితె భోజన్న ఎట్లయితడు?

"గన్ని అంగీలు కుట్టినంక దూపయింది అవ్వా. కొబ్బరి బోండాలన్ని ఒడిసినయి. ఏం చేస్త? ఒంగి దోసిలితోని సముద్రం నీళ్లు తాగిన. ఆహా! మన గోదారి నీళ్లు గూడ దాని ముంగట పనికిరావు. గంత సల్లగ, గంత తియ్యగ..."

ఆదిశేషయ్య చాయ్ వడవోసుడు ఆపిండు.

"ఉప్పగ లెవ్వా బిడ్డా?" ముత్తవ్వ మెల్లగ అడిగింది.

"నీళ్లు ఉప్పగ ఎందుకుంటయవ్వా?"

"మా సర్ఖని అంగట్ల ఉప్పమ్మెటోడు చెప్తుండె. సముద్రం నీళ్లు ఎండవెడితెనే ఉప్పయితదట."

భోజన్న కాలు మీది కాలు దించిండు. "అది... ఆ తావుల గోదారి అచ్చి కలుస్తది. గందుకే తీపి."

"గోదారి అటు పోతది మామా" అని రామకిషన్ పొద్దు పొడిచే దిక్కు చూపిచ్చిండు. "బొంబాయి ఇటు."

హోటలంత గొల్లుమన్నది. రామకిషన్ చేతుల చాయ్ ఒలికింది. భోజన్న టేపు తీసి ఏలుకు చుట్టుకుంట కూసున్నడు. ముత్తవ్వ మాత్రం నవ్వలే.

"సముద్రం నువ్వు గూడ చూడలే గదా?"

భోజన్న స్టేషన్ దిక్కు చూసిండు. "చూడాల్నని శాన ఉండె అవ్వా. కని గన్ని నీళ్లు ఒక్క తావుల అంటె... బుగులయితది."

"నాకు గూడ గట్లనే అయితుంది." ముత్తవ్వ లేసి చీర కుచ్చిళ్లు దులుపుకున్నది. "లే మరి. ఇద్దరం పోదాం. సగం బుగులు నువ్వు వడు, సగం నేను వడత."

"దుకాణం ఎట్లవ్వా?"

"తాళమెయ్యి."

"నీ ఇంటామె సుశీలాబాయికి నేను కబురు చెప్త" అని ఆదిశేషయ్య అన్నడు. "తిమింగలాలకు అంగీలు కుట్టినోడు బొంబాయి పోయిండంటె ఆమె ఏమనుకోదు. నువ్వు పో భోజన్నా."

స్టేషన్ లోపల గంట కొట్టిండ్రు. సర్ఖని బస్సు ముచ్చట ఎవ్వలు తియ్యలే. ముత్తవ్వే ముంగట నడిచింది, మారోతి మూట నెత్తినవెట్టుకోని ఎనుక ఉరికిండు. భోజన్న టికెట్టు తీసుకోని, బండి కదిలె ముంగట రొప్పుకుంట అచ్చి వాళ్ల ఎదురుంగ కూసున్నడు. బండి నాందేడ్ దాటింది. పత్తిచేన్లు అచ్చినంక భోజన్న మారోతి చెవిల మెల్లగ అడిగిండు.

"ఒరె, ఒడ్డు మీదికెల్లి చూస్తె సాలు గదా? పడవ ఎక్కియ్యరు గదా?"

మెల్లగ అన్నా ముత్తవ్వకు ఇనవడ్డది.

"పడవ నేనెక్కుత బిడ్డా" అన్నది కిటికిలకెల్లి చూసుకుంట. "నువ్వు ఒడ్డు మీద నిలవడి చెయ్యూపు."