సైకిలు లాగి పట్టుబడిన న్యాయనిర్ణేత

పేరు మీరు పైన రాసుకున్నారు ఎస్సై గారూ, మళ్ళీ చెప్పను. వయసు యాభై రెండు. వృత్తి డ్రైవింగ్ స్కూలు. కారు నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో, నా వైపున్న రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుంటాను. అందుకే ఈ వీధుల్లో అందరూ నన్ను బ్రేకు మేడం అంటారు. నా మీద ఇంతకు ముందు ఏ కేసూ లేదు. పిల్లల లైబ్రరీలో ఏటా కొత్త పరికరాల పోటీ జరుగుతుంది. దానికి నేను జీతం భత్యం లేకుండా న్యాయనిర్ణేతగా కూర్చుంటాను. ఈ సంగతి కూడా రాయండి, నాకది గొప్పే.

ఈ రోజు ఉదయం పది గంటలకు పోటీ మొదలైంది. నాతోపాటు పళ్ళ డాక్టరు గారు, కాలేజీ లెక్కల మాస్టారు ఉన్నారు. కిటికీ పక్క టేబుల్ దగ్గర పదకొండేళ్ళ పిల్ల ఒకతె వాళ్ళ తాతయ్య సైకిలు నిలబెట్టుకుని ఉంది. సీటు కింద సబ్బుపెట్టె అంత డబ్బా. తాళం తీయకుండా ఎవరైనా సైకిలు లాగితే ఆ డబ్బా అరుస్తుంది, హ్యాండిల్ పట్టుకున్న చేతుల మీద ఎర్ర రంగు చిమ్ముతుంది. ముగ్గురం లాగి చూశాం. డబ్బా కిక్కురుమనలేదు.

"మీరు మెల్లగా లాగారండీ. దొంగలు అలా లాగరు" అంది పిల్ల.

"దొంగలు ఎలా లాగుతారో నీకెలా తెలుసమ్మా?" అని డాక్టరు గారు నవ్వారు.

"మా తాతయ్య సైకిలు రెండుసార్లు పోయిందండీ. మొదట్లో ఎవరు తగిలినా అరిచేలా పెట్టాను. పిల్లి ఎక్కినా అరిచేది. వీధంతా మమ్మల్ని తిట్టారు. అందుకే గట్టిగా లాగితేనే అరిచేలా మార్చాను."

నా దగ్గర కారు నేర్చుకున్న పెద్దవాళ్ళలో సగం మందికి పక్కింటివాళ్ళ నిద్ర గురించి ఇంత పట్టింపు ఉండదు. సరే, గట్టిగానే లాగుదామంటే, పుస్తకాల మీద రంగు పడుతుందని లైబ్రరీ ఆవిడ అడ్డం వచ్చారు. "టేబుల్ దగ్గర పనిచేయకపోతే చేయనట్టే" అని డాక్టరు గారు 'పనిచేయలేదు' అని రాసేశారు. లెక్కల మాస్టారూ అదే రాశారు. నేను ఏమీ రాయకుండా పెన్ను మూసేశాను. పిల్ల ఏడవలేదు. డబ్బాకు అప్పటికే బిగిసి ఉన్న స్క్రూని మళ్ళీ బిగిస్తూ కూర్చుంది.

భోజనాల వేళ వెనక సైకిళ్ళ షెడ్డుకి వెళ్ళాను. పిల్ల సైకిలుకి తాళం వేసి, మళ్ళీ ఆ స్క్రూనే బిగిస్తోంది.

"నిజం దొంగలా లాగనా?" అని అడిగాను.

"లాగండి మేడం! ఉండండి, మా తాతయ్యకి చెప్పొస్తాను" అని ముందు గేటు వైపు పరుగెత్తింది. ఆయనేమో వెనక గేటు నుంచి వచ్చారు. ఇక్కడ తప్పు నాదే, పిల్ల తిరిగొచ్చేదాకా ఆగాల్సింది. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళందరినీ ఆపేదాన్ని, నేను మాత్రం ఆగలేను.

చొక్కా చేతులు పైకి మడిచి, షెడ్డు స్తంభానికి కాలు తన్నిపెట్టి, ఒక్క లాగు లాగాను. అరిచింది ఎస్సై గారూ! చెవులు గింగురుమన్నాయి. రెండు చేతులూ మోచేతుల దాకా ఎర్రగా అయిపోయాయి. చొక్కా కూడా పాడైంది, కొత్తదే, ఫరవాలేదు. పెద్దాయన వెనక నుంచి నా రెక్క పట్టుకుని "దొరికావే దొంగదానా!" అని కేక పెట్టారు. నాకు సంతోషం పట్టలేక నవ్వొచ్చింది. పట్టుబడ్డ దొంగ పకపకా నవ్వుతుంటే చుట్టూ చేరినవాళ్ళకి ఒళ్ళు మండదా? వీపు మీద రెండు పడ్డాయి. వాటి గురించి నాకే ఫిర్యాదూ లేదు. మీ కానిస్టేబులు కూడలిలో నిలబడి ఉండగా ఆ అరుపు విని వచ్చానన్నాడు. అంత దూరం వినిపించిందని రాయండి. రాశారా?

తరవాత స్టేషన్లో జరిగింది మీకే తెలుసు, అయినా కాగితం మీద ఉండాలి కనుక చెబుతున్నాను. పిల్ల పరుగున వచ్చి అంతా వివరించింది. వెనకే డాక్టరు గారు వచ్చారు. నా మీద ఇచ్చిన కంప్లెయింటు వెనక్కి తీసుకోమని మీరు పెద్దాయనకు చెప్పారు.

"తీసుకోనండీ. తీసుకుంటే మా మనవరాలి డబ్బా ఎవర్నీ పట్టుకోలేదన్నట్టేగా?" అన్నారాయన. నా వైపు తిరిగి, "నువ్వేమీ అనుకోకమ్మా" అన్నారు.

ఏమీ అనుకోలేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ తీసుకోను.

డాక్టరు గారు మాత్రం పట్టు వదల్లేదు. "పిల్ల మీద ముచ్చటపడి చెబుతున్నారని అందరూ అంటారు మేడం. పోయినేడు నీళ్ళ ట్యాంకు నిండితే మోగే గంటకి ఇంజనీరు రాసిస్తేనే ఒప్పుకున్నాం. మీరూ ఎవరైనా అధికారి చేత రాయించుకు రండి. ఐదింటికి ఫలితాలు" అన్నారు. ఇప్పుడు నాలుగున్నర. అందుకే మిమ్మల్ని ఇంత తొందరపెడుతున్నాను.

మీరు 'పొరపాటున పట్టుబడినది' అని రాయబోయారు. కొట్టేయండి. పొరపాటేమీ లేదు. దొంగలా లాగాను, దొంగలా పట్టుబడ్డాను. నన్ను పట్టించింది ఆ పిల్ల డబ్బా. ఈ ముక్క విడిగా ఒక వరుసలో రాయండి. పోలీసు స్టేషన్లో కూర్చుని ఇంత గర్వపడుతున్న మనిషిని మీరు చూసి ఉండరు. నాకు ఒళ్ళంతా గర్వంగానే ఉంది, వీపు తప్ప. అదిగో, ఆ బెంచీ మీద పిల్లని చూడండి. స్క్రూ జోలికి పోవడం లేదు. మెడ చాచి, మీరు రాసేది తలకిందులుగా చదువుతోంది.

ఇదంతా జరిగింది జరిగినట్టు చెప్పాను. నన్నెవరూ భయపెట్టలేదు, ఎవరూ నేర్పి చెప్పించలేదు. మీరు చదివి వినిపించారు, విన్నాను, ఒక్క మాట కూడా మార్చక్కర్లేదు. సంతకం చేయడం నాకు వచ్చు. అయినా వేలిముద్రే వేస్తాను. మీ ఇంకు ప్యాడు అక్కర్లేదు. ఈ రంగు మూడుసార్లు సబ్బు పెట్టినా పోలేదు, కొంచెం తడి తగిలితే మళ్ళీ అంటుతుంది.

(కుడి చేతి బొటనవేలి ముద్ర, ఎరుపు)

పై ముద్ర నా ఎదుట వేయబడినది. రంగు ఈ స్టేషనుది కాదు. బెంచీ మీద కూర్చున్న బాలికది. డబ్బా పనిచేసినది.
సంతకం, సబ్ ఇన్‌స్పెక్టర్